తెర మీద తన్నులాట

'ఎప్పుడు చూసినా ఆ కొట్టుకోవడమేనా?' పిల్లాడు వీడియోగేమ్ ముందు కూర్చున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే ఇది. నిజమే, కొట్టుకోవడమే. కానీ ఆ కొట్టుకోవడంలో ఎన్ని రకాలో! ఒకదాంట్లో ఓపిక గెలిపిస్తుంది, ఇంకోదాంట్లో నెత్తురు పారుతుంది, మరోదాంట్లో తండ్రీకొడుకులే ఒకరినొకరు కొండమీంచి తోసుకుంటారు. పిల్లల చేతికి ఏది ఇవ్వాలో, ఏది వద్దనాలో తెలియాలంటే ముందు ఆ తేడాలు తెలియాలి.

గోరంట్లలో ఓ ఇల్లు అనుకోండి. వేసవి సెలవులు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. శనక్కాయ పొలాలు బీడుగా పడున్నాయి. వాన పడేదాకా ఎవరికీ పెద్దగా పని లేదు. బెంగళూరు నుంచి వచ్చిన మనవడు టీవీకి ప్లేస్టేషన్ తగిలించి 'టెక్కెన్' ఆడుతున్నాడు. పక్కనే మేనమామ. తొంభైల్లో వీడియోగేమ్ షాపుల చుట్టూ తిరిగిన మనిషి. 'ఇదేం ఆటరా, మా మోర్టల్ కోంబాట్ ముందు ఇవన్నీ దిగదుడుపే' అంటాడు. 'అసలు స్ట్రీట్ ఫైటర్ లేకపోతే మీ రెండూ లేవు' అని మధ్యలో దూరుతుంది పెద్దమ్మ కూతురు. మంచమ్మీద కూర్చున్న తాత అన్నీ విని ఒక్కటే అడుగుతాడు...

'ఏంటికిరా అట్ల కొట్టుకుంటాండారు? వాళ్లల్లో రాముడెవుడు, రావణుడెవుడు?'

'ఎవరూ కాదు తాతా. మనం ఎవర్ని ఎంచుకుంటే వాళ్లే రాముడు!'

ఫైటింగ్ గేమ్‌ల సంగతంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది.

తోలుబొమ్మల తెర లాంటిదే...

తాతకు ఆ టీవీ తెర కొత్తే కావచ్చుగానీ, తెరమీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం మాత్రం కొత్త కాదు. ఇదే శ్రీసత్యసాయి జిల్లాలో, ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలకు పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లటి తెర, వెనకాల దీపం, తెరకు ఆనించిన బొమ్మలు... రామరావణ యుద్ధమైనా, సుందరకాండలో హనుమంతుడి వీరంగమైనా ఆ తెరమీదే. బొమ్మలు చాలామటుకు పక్కకు తిరిగి ఉంటాయి. ఒకరిది ఎడమవైపు, ఇంకొకరిది కుడివైపు. దెబ్బ పడగానే తెర వెనక చెక్కపలకల మీద కాళ్లతో దబదబా తొక్కుతారు. జనం ఉలిక్కిపడతారు.

ఇక లేపాక్షి ఉండనే ఉంది. వీరభద్రాలయం మండపం పైకప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మల్లో కిరాతార్జునీయం ఉంది. ఒక్క అడవిపంది కోసం ఇద్దరు వీరులు తలపడిన కథ. వేటగాడి వేషంలో ఉన్నది శివుడని అర్జునుడికి తెలియదు. ఆ బొమ్మల్లోనూ మనుషులు పక్కకు తిరిగే ఉంటారు. ఎవరు ఎవరిమీదికి వెళుతున్నారో కింద నిలబడి మెడ ఎత్తి చూసినా ఇట్టే తెలిసిపోతుంది.

ఫైటింగ్ గేమ్‌లో తెర కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఎడమవైపు ఒకడు, కుడివైపు ఒకడు. పైన ఇద్దరి ప్రాణానికీ చెరో పట్టీ. దెబ్బ తిన్నకొద్దీ ఆ పట్టీ తరుగుతుంది. ముందు ఎవరిది అయిపోతే వాళ్లు ఓడినట్టు. నియమం ఇంతే. కానీ ఈ చిన్న నియమం మీదే మూడు పెద్ద కుటుంబాలు మూడు రకాల ఇళ్లు కట్టుకున్నాయి.

దూరం తెలిసినోడే వీరుడు

మొదటిది జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ వారి 'స్ట్రీట్ ఫైటర్'. 1987లో తొలి ఆట వచ్చింది. అప్పట్లో కొన్ని యంత్రాలకు మీటల బదులు పెద్ద రబ్బరు దిమ్మెలు పెట్టారు. ఎంత గట్టిగా గుద్దితే తెరమీద దెబ్బ అంత గట్టిగా పడుతుందన్నమాట! ఆడేవాళ్ల చేతులు వాచిపోవడంతో ఆ ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. దాని స్థానంలో ఆరు మీటలు వచ్చాయి... గుద్దులకు మూడు, తన్నులకు మూడు. మెల్లగా, మధ్యస్థంగా, బలంగా.

అసలు విప్లవం 1991లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్-2'. ఎనిమిది మంది వీరులు. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ర్యూ చేతుల్లోంచి నిప్పుబంతి విసురుతాడు. అందుకు కడ్డీని కిందికి, ఏటవాలుగా, ముందుకు తిప్పి గుద్దు మీట నొక్కాలి. గైల్‌కైతే కడ్డీని కాసేపు వెనక్కి పట్టి ఉంచి, ఒక్కసారిగా ముందుకు తొయ్యాలి. రష్యా మల్లయోధుడు జాంగీఫ్‌ది మరీ కష్టం. కడ్డీని గుండ్రంగా తిప్పితేగానీ ఎదుటివాణ్ని ఎత్తి కుదెయ్యడు. అంటే మనిషి మారితే చేతివాటమూ మారాలి.

ఈ ఆటలో గెలుపు గుద్దడంలో కాదు, దూరంలో ఉంది. ఎంత దూరంలో నిలబడితే తన కాలు అవతలివాడికి తగులుతుందో, వాడిది తనకు తగలదో... ఆ లెక్క తెలిసినవాడే మొనగాడు. దెబ్బ పడేముందు వెనక్కి నొక్కితే కాచుకోవచ్చు. కాచుకునే కూర్చుంటే వచ్చి పట్టి విసిరేస్తారు. విసరడానికి దగ్గరికొచ్చేవాణ్ని ముందే గుద్దెయ్యొచ్చు. రాయి-కాగితం-కత్తెర ఆటే, కాకపోతే సెకనుకు నాలుగుసార్లు!

వరసగా దెబ్బ మీద దెబ్బ తగిలించడాన్ని 'కాంబో' అంటారు. ఇవాళ ప్రతి ఫైటింగ్ గేమ్‌కూ ప్రాణం అదే. విచిత్రమేంటంటే దీన్ని ఎవరూ కావాలని పెట్టలేదు. కారును బద్దలుకొట్టే బోనస్ రౌండును పరీక్షిస్తున్నప్పుడు, ఒక దెబ్బ పూర్తవకుండానే రెండోది కలపొచ్చని తయారీదారుల కంటపడింది. తప్పే, కానీ బాగుందని ఉంచేశారు.

నెత్తురు చూపించిన ఆట

మేనమామ మెచ్చుకునే 'మోర్టల్ కోంబాట్' పుట్టింది అమెరికాలో. 1992లో షికాగోకు చెందిన మిడ్‌వే కంపెనీలో ఎడ్ బూన్, జాన్ టోబియస్ మరికొందరితో కలిసి తయారుచేశారు. జపానువాళ్లు బొమ్మలు గీస్తే వీళ్లు నిజం మనుషుల్నే తెచ్చారు. యుద్ధవిద్యలు తెలిసినవారికి వేషాలు వేసి, వీడియో కెమెరా ముందు గుద్దించి, తన్నించి, ఆ చిత్రాల్ని ఆటలోకి ఎక్కించారు. ఒకే నటుడు డేనియల్ పెసీనా ముసుగు వేసుకుని స్కార్పియన్ అయ్యాడు, సబ్-జీరో అయ్యాడు. పసుపు రంగు వేస్తే ఒకడు, నీలం వేస్తే ఇంకొకడు. కొత్త బొమ్మ గీసే ఖర్చు లేకుండా రంగు మార్చి వీరుణ్ని పుట్టించారన్నమాట.

ఒక్క గోరోకు మాత్రం మనిషి దొరకలేదు. ఎలా దొరుకుతాడు, వాడికి నాలుగు చేతులు! అందుకని బొమ్మ తయారుచేసి, కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో భంగిమనూ ఫొటో తీశారు. తోలుబొమ్మలవాళ్లు చూస్తే 'మా పనే' అనుకునేవారేమో.

ఆడే తీరు చూస్తే స్ట్రీట్ ఫైటర్ కంటే ఇది సులువు. కాచుకోవడానికి ప్రత్యేకంగా ఓ మీట ఉంది. మొదటి ఆటలో మామూలు గుద్దులూ తన్నులూ అందరివీ దాదాపు ఒకటే. ఒకరిని నేర్చుకుంటే సగం నేర్చుకున్నట్టే. తేడా అంతా ప్రత్యేక విద్యల్లోనూ, చివరి ఘట్టంలోనూ ఉంది. ఆ చివరి ఘట్టం పేరు 'ఫేటాలిటీ'. ఓడి తూలుతున్నవాణ్ని ఎంత ఘోరంగా చంపుతారో చెప్పకపోవడమే మంచిది.

గొడవ అక్కడే మొదలైంది. 1993లో ఈ ఆట ఇళ్లలోకి వచ్చినప్పుడు నింటెండో కంపెనీ నెత్తురు తీసేసి చెమట పెట్టింది. సెగా కంపెనీ రహస్య సంకేతం నొక్కితే నెత్తురు కనిపించేలా ఉంచింది. పిల్లలు నెత్తురున్నదాన్నే ఎగబడి కొన్నారు. ఆ డిసెంబరులో అమెరికా సెనేట్‌లో విచారణ జరిగింది. ఫలితంగా 1994లో అక్కడ ఆటలకు వయసునుబట్టి ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఇవాళ ఆట పెట్టెమీద మూలన కనిపించే 'టీ', 'ఎం' అక్షరాల వెనక కథ ఇదీ.

తండ్రీ కొడుకుల పగ

మనవడు ఆడుతున్న 'టెక్కెన్' 1994లో జపాన్‌కు చెందిన నామ్‌కో చేసిన ఆట. అంతకుముందు ఏడాదే సెగా 'వర్చువా ఫైటర్' అనే ఆటతో బొమ్మలకు మందం తెచ్చింది. అక్కడ పనిచేసిన సీఇచి ఇషీయే ఇక్కడికొచ్చి టెక్కెన్‌కు రూపం ఇచ్చాడు. దీంట్లో నాలుగే మీటలు. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఎడమకాలు, కుడికాలు. అంటే మన ఒంటికి ఉన్నవే మీటలకూ ఉన్నాయి. ఎవరైనా నిమిషంలో మొదలెట్టొచ్చు. అన్నీ నేర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఒక్కొక్కరికీ పదుల కొద్దీ దెబ్బలు మరి! పైగా ఇది లోతున్న తెర. వచ్చే దెబ్బను కాచుకోవడమే కాదు, పక్కకు అడుగేసి తప్పించుకోవచ్చు కూడా. ఎదుటివాణ్ని గాల్లోకి లేపి, కిందపడకుండా దెబ్బల మీద దెబ్బలు వెయ్యడం దీని ప్రత్యేకత.

కథ మాత్రం మన ఫ్యాక్షన్ సినిమాలకు తీసిపోదు. హెయ్‌హాచి మిషిమా కన్నకొడుకు కజుయాను ఐదేళ్లప్పుడు కొండమీంచి తోసేస్తాడు. పెద్దయ్యాక కొడుకు తండ్రిని తోస్తాడు. రెండో భాగంలో తండ్రి తిరిగొచ్చి కొడుకును అగ్నిపర్వతంలో పడేస్తాడు. 2024లో వచ్చిన 'టెక్కెన్-8'లో ఆ కజుయా మీదికి అతని కొడుకు జిన్ వస్తాడు. మూడు తరాల పగ!

ఈ పగల మధ్యలోనే మెత్తని మనసులూ ఉన్నాయి. జాగ్వార్ ముసుగేసుకునే కింగ్ అనాథపిల్లల కోసం కుస్తీ పడతాడు. ఇది ఉత్త కల్పన కాదు. మెక్సికోలో ఫ్రాయ్ టార్మెంటా అనే చర్చి ఫాదర్ నిజంగానే ముసుగేసుకుని కుస్తీపట్లు పట్టి అనాథాశ్రమాన్ని నడిపాడు. ఆయనే కింగ్‌కు ప్రేరణ.

నీడ చూసి పేరు చెప్పాలి

పాత్ర బాగుందో లేదో తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రంగులన్నీ తీసేసి నల్లటి నీడను మాత్రమే చూపిస్తే ఎవరో చెప్పగలగాలి. స్ట్రీట్ ఫైటర్ ఈ పరీక్షలో అందరికంటే ముందుంటుంది. రెండు ముడులు, చేతులకు ముళ్ల కడియాలు, బలమైన తొడలు... చున్-లీ. పర్వతంలాంటి ఒళ్లు, నెత్తిన సుమో పిలక... హోండా. అంచనాకు మించి పెద్దగా గీయడం వీళ్ల పద్ధతి. మోర్టల్ కోంబాట్ మనుషులది వేరే దారి. ఆకారం మామూలు మనిషిదే, గుర్తుపట్టాల్సింది రంగును, ముసుగును, టోపీని. టెక్కెన్‌లో గుర్తు నడకలో ఉంటుంది. నిలబడే తీరు, ఊగే తీరు చూస్తే చాలు. టెక్కెన్-3లో వచ్చిన ఎడ్డీ గోర్డో ఒక్కచోట నిలవడు. బ్రెజిల్ వారి కపోయేరా నృత్యంలా ఊగుతూనే తంతాడు. ఏ మీట నొక్కినా ఏదో ఒక తన్ను పడుతుంది కాబట్టి కొత్తగా ఆడేవాళ్లకు అతనే దేవుడు.

నిమ్మలకుంట బొమ్మల్ని ఈ పరీక్షకు పెట్టి చూడండి. పది తలలతో, మిగతా బొమ్మల్ని చిన్నబుచ్చే భారీ ఆకారంతో రావణుడు. తోక చూపిస్తే హనుమంతుడు. పిలక కనిపిస్తే నవ్వించడానికొచ్చిన జుట్టుపోలిగాడు. ఒకే పాత్రకు సందర్భాన్నిబట్టి వేర్వేరు బొమ్మలు చేసుకోవడమూ వాళ్లకు తెలుసు. కొలువులో కూర్చున్నప్పుడు ఒకటి, యుద్ధానికి వెళ్లినప్పుడు ఇంకొకటి. నీడతోనే కథ చెప్పినవాళ్లకు నీడ పరీక్ష ఓ లెక్కా!

ఫోన్లలో ఆడే పిల్లలకు 'షాడో ఫైట్-2' తెలిసే ఉంటుంది. నెక్కి కంపెనీ చేసిన ఈ ఆటలో వీరులందరూ నల్లటి నీడలే. మొహం ఉండదు, బట్టల మడతలుండవు. ఉన్నదల్లా కదలిక. కోట్లాది ఫోన్లలోకి వెళ్లిన ఆ ఆటను తాతకు చూపిస్తే తోలుబొమ్మలాటే అనుకుంటాడు.

మనవాడు అనుకుంటే...

ఇన్ని దేశాల వీరుల్లో మనవాడు లేడా? ఉన్నాడు. స్ట్రీట్ ఫైటర్-2లోని ధాల్సిమ్. యోగి. ఊరి పేదల కోసం డబ్బు కావాలని, ఇష్టం లేకపోయినా పోట్లాడతాడు. మంచి మనసే. కానీ మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట, సాగే చేతులు! చేతులు సాగే యోగి ఊహ 1976 నాటి ఓ కుంగ్‌ఫూ సినిమాలోంచి వచ్చింది. ఆడేటప్పుడు అతనిది విలక్షణమైన తీరు. దూరంనుంచే చెయ్యి చాచి కొడతాడు, మెల్లగా నడుస్తాడు, దగ్గరికి రానివ్వడు. ఓపిక ఉన్నవాళ్లకే అతను లొంగుతాడు. అంటే ఆటగా చూస్తే గొప్ప పాత్ర, బొమ్మగా చూస్తే ఎవరో విన్న కట్టుకథ. ఆ తర్వాత 'స్ట్రీట్ ఫైటర్ ఈఎక్స్'లో దారున్ మిస్టర్ అనే భారతీయ మల్లుడూ వచ్చాడుగానీ ధాల్సిమ్‌కున్న పేరు రాలేదు. హాలీవుడ్ కొత్తగా తలపెట్టిన స్ట్రీట్ ఫైటర్ సినిమాలో ధాల్సిమ్ వేషానికి మన 'శక్తి', 'ఊసరవెల్లి' సినిమాల్లో చేసిన విద్యుత్ జమ్వాల్‌ను తీసుకున్నట్టు 2025లో ప్రకటించారు.

కర్రసాము, కత్తిసాము తెలిసిన ఊళ్లు మనకున్నాయి. గుండెమీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తి నాయుడు మనవాడే. ఈ మూడు పెద్ద ఆటల్లో అలాంటి తెలుగు వీరుడు ఒక్కడూ లేడు. మనం గీయకపోతే ఎవరో తమకు తోచినట్టు గీస్తారు. పుర్రెల దండ వేస్తారు.

ఒక్క దెబ్బ దూరంలో

ఇంతకీ వీటివల్ల ఒరిగేదేమైనా ఉందా అంటే, 2004లో అమెరికాలో జరిగిన ఈవో పోటీని ఒక్కసారి చూడాలి. స్ట్రీట్ ఫైటర్-3లో జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా, అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ తలపడ్డారు. డైగో ఆడిస్తున్న కెన్ ప్రాణం గీతంత మిగిలింది. మామూలుగా కాచుకున్నా ఆ కాస్తా పోతుంది. వాంగ్ తన చున్-లీతో వరసగా పదిహేను తన్నుల విద్య వేశాడు. డైగో ఒక్కోదానికీ సరిగ్గా ఆ క్షణంలోనే ముందుకు నొక్కి, పదిహేనింటినీ తోసిపుచ్చి, తిరిగి కొట్టి ఆ ఆట గెలిచాడు. హాలంతా లేచి అరిచింది. చేతివేగం కాదది, ఏళ్ల సాధన.

2019లో మరో వింత జరిగింది. పాకిస్థాన్‌లోని లాహోర్ నుంచి వచ్చిన అర్స్‌లాన్ యాష్ టెక్కెన్‌లో జపాన్, కొరియా దిగ్గజాల్ని ఓడించి ఒకే ఏడాది ఈవో జపాన్, ఈవో రెండూ గెలిచాడు. ప్రపంచం పట్టించుకోని వీధి వీడియోగేమ్ షాపుల్లో నేర్చుకున్న విద్య అది. తనలాంటివాళ్లు అక్కడ ఇంకా ఉన్నారని అతను చెబితే ముందు ఎవరూ నమ్మలేదు. ఇక ఇది కుర్రాళ్ల ఆట అనేవాళ్లకు 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు జవాబిచ్చాయి. స్ట్రీట్ ఫైటర్-5లో బంగారు పతకం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ క్వాన్-వూ వయసు 44!

ఏది ఎవరికి?

పన్నెండేళ్లలోపు పిల్లలకు వీటిల్లో ఏదీ తొందర లేదు. స్ట్రీట్ ఫైటర్-6, టెక్కెన్-8 పదమూడేళ్లు దాటినవాళ్లకని అమెరికా సంస్థ ముద్ర వేసింది. 2023లో వచ్చిన మోర్టల్ కోంబాట్-1కు పదిహేడు దాటాలి. ఆ మూల అక్షరం చూసి కొనడం అమ్మానాన్నల పని. ఎప్పుడూ ఆడనివారికి స్ట్రీట్ ఫైటర్-6 మంచిది. ఒక్క మీటతో విద్యలు వచ్చే సులువు పద్ధతి ఉంది. దూరాన్నీ దెబ్బనూ శబ్దాలతో తెలిపే ఏర్పాటుండటంతో చూపులేనివారూ ఆడుతున్నారు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటూ ఆడటానికి టెక్కెన్.

ఫోన్లలో ఉచితంగా వచ్చే ఆటలతో మాత్రం జాగ్రత్త. ఆడేకొద్దీ ఆయుధాలు కొనమంటాయి. నాన్న ఫోన్‌లో డబ్బు చెల్లించే యాప్ ఉంటే ప్రమాదమే. పందెం కాసే ఆటలు వేరు, ఇవి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025లో కేంద్రం చేసిన చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌ను వేరుగానే గుర్తించింది. ఆ తేడా పిల్లలకూ చెప్పాలి.

మళ్లీ గోరంట్లకు వస్తే... వాదన ఇంకా తేలలేదు. తాత మాత్రం మనవడి పక్కన చేరాడు. రిమోట్‌లాంటి ఆ పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు కింగ్‌ను ఎంచుకున్నాడు, పులి మొహం నచ్చింది మరి. నాలుగు తన్నులు తిని ఓడిపోయాడు. 'మా బొమ్మలాటలో రాముడు ఓడిపోయేది లేదురా. తెల్లారేసరికి గెలిచేది ఆయనే' అన్నాడు.

'ఇందులో అలా కుదరదు తాతా. నేర్చుకుంటేనే గెలుస్తాం.'

'అట్లయితే ఇంకొక ఆట పెట్టు.'

నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చేతులు ఇప్పుడు ఎక్కువగా దీపాల గొడుగులు, గోడకు తగిలించుకునే బొమ్మలు చేస్తున్నాయి. రాత్రంతా ఆట ఆడించేవారూ తగ్గారు, కూర్చుని చూసేవారూ తగ్గారు. ఈ సెలవుల్లో పిల్లల్ని ఒక్కపూట ఆ ఊరికి తీసుకెళ్లండి. తోలుమీద రావణుడు ఎలా పుడతాడో దగ్గరుండి చూపించండి. చేతికో కాగితం, పెన్సిలూ ఇచ్చి, నీడ చూసి గుర్తుపట్టగల వీరుణ్ని ఒకణ్ని గీయమనండి. రేపు ఏ ఆటలోనైనా మన వీరుడొకడు నిలబడాలంటే మొదటి గీత అక్కడే పడాలి.